అరువది దాటిన గణితం: హార్డీ గ్రంథంపై ఒక విమర్శ

రామానుజన్ పేరు విన్న ప్రతి విద్యార్థికీ హార్డీ పేరు తెలిసే ఉంటుంది. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న ఒక యువకుడు పంపిన ఉత్తరాన్ని 1913లో చదివి, అందులోని సూత్రాలు సామాన్యమైనవి కావని గ్రహించి, అతనిని కేంబ్రిడ్జికి రప్పించిన గణితజ్ఞుడు ఆయన. టాక్సీ నంబరు 1729 కథలోని రెండవ వ్యక్తి కూడ ఆయనే. ఈ హార్డీ 1940లో 'ఎ మాథమెటీషియన్స్ అపాలజీ' అనే చిన్న పుస్తకాన్ని ప్రకటించినాడు. ఇక్కడ 'అపాలజీ' అంటే క్షమాపణ కాదు. జీవితమంతా ఏ పనికి వెచ్చించినాడో ఆ పనిని సమర్థించుకొంటూ లోకానికి చెప్పిన సమాధానం అని అర్థం. ఆనాటికి ఆయనకు 63 యేండ్లు నిండినవి.

గణితాన్ని గురించి సామాన్యులకోసం వ్రాసిన పుస్తకాలలో ఇంత పేరు పొందినవి తక్కువ. లెక్కలలో ప్రథముడుగా వచ్చిన పిల్లవానికి ఏ పుస్తకం బహుమానంగా ఇవ్వవలెనని అడిగితే దీని పేరు చెప్పే ఉపాధ్యాయులు చాలమంది ఉన్నారు. నేనూ చెప్పినవాడనే, ఇచ్చినవాడనే. ఐతే ఇన్నాళ్లకు దీనిపై నాకొక ఫిర్యాదు ఏర్పడినది.

దీనిని నేను రెండుసార్లు చదివినాను. మొదటిసారి బి.యస్‌సి. విద్యార్థిగా, రెండవసారి ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయునిగా పదవీ విరమణ చేసిన వారంలో. సన్మానసభలో శాలువ కప్పినారు, పూలదండ వేసినారు, "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి మాస్టారూ" అని ఒకరి తరువాత ఒకరు చెప్పినారు. ఇంటికి వచ్చి పుస్తకాల బీరువా సర్దుతూ ఉంటే ఈ పుస్తకం చేతికి తగిలినది. ఇరువది యేండ్ల వయస్సులో నాకు ఇందులో కనిపించినవి రెండు నిరూపణలు. ఈసారి కనిపించినవి రెండు తీర్పులు.

ముందుగా ఆ నిరూపణలను గురించి చెప్పడం న్యాయం. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ చేసిన నిరూపణ ఒకటి. ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ మన జాబితాలోనే ఉన్నవని ఎవరైన వాదించినారనుకొందాము. ఆ సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యను జాబితాలోని ఏ సంఖ్యతో భాగించినా శేషం 1 మిగులుతుంది. కాబట్టి దానిని నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య జాబితాకు బయట ఎక్కడనో ఉండి తీరవలెను. 2, 3, 5 మాత్రమే ఉన్నవన్నవానికి 2×3×5+1 = 31 చూపితే చాలు. రెండవది 2 యొక్క వర్గమూలం కరణీయ సంఖ్య అనే నిరూపణ. పదవ తరగతి పిల్లవానికి అందే ఈ రెండింటిని ముందు పెట్టి, గణితంలో అందం అంటే ఏమిటో హార్డీ చూపించినాడు. ఆ భాగానికి సాటి వచ్చే రచన నేను మరియొకటి చదువలేదు.

ఇక తీర్పులు. గణితం యువకుల పని అన్నది మొదటిది. ఏబది దాటిన వ్యక్తి ఆరంభించిన గొప్ప గణిత పురోగతి ఒక్కటికూడ తనకు తెలియదంటాడు హార్డీ. అరువది దాటిన తన మనస్సులో తాజాదనం, శక్తి, ఓర్పు మిగిలి లేవనీ, అందుచేతనే గణితం చేయడం మాని గణితాన్ని గురించి వ్రాస్తున్నాననీ చెప్పుకొంటాడు. ఇతరుల గణితాన్ని వివరించడం, విమర్శించడం, మెచ్చుకోవడం రెండవ తరగతి మేధస్సులు చేసే పనులన్నది రెండవ తీర్పు. మొదటిది పదవీ విరమణ తరువాతి జీవితాన్ని కొట్టివేస్తున్నది; రెండవది విరమణకు ముందు ముప్పది యేండ్లపాటు బల్ల ముందు నిలబడి చేసిన పనిని కొట్టివేస్తున్నది. ఉపాధ్యాయునికి ఇక మిగిలేదేమిటి?

హార్డీ చూపిన సాక్ష్యాన్ని ఆయన పద్ధతిలోనే పరిశీలించి చూదాము. గాల్వా 21, ఆబెల్ 27, రామానుజన్ 33, రీమాన్ 40 యేండ్లకు మరణించినారని ఆయన లెక్క. పుట్టిన తేదీలను, పోయిన తేదీలను తీసుకొని తీసివేత చేస్తే నిండిన యేండ్లు వరుసగా 20, 26, 32, 39 వస్తున్నవి. నాలుగింటిలోను ఒకటి ఎక్కువ! ఉదాహరణకు రామానుజన్ పుట్టినది 1887 డిసెంబరు 22న, మరణించినది 1920 ఏప్రిల్ 26న. మన పెద్దలవలెనే ఆయనకూడ నడుస్తున్న యేటిని లెక్కించినాడన్నమాట. ఇది దోషంగా పట్టదగినది కాదు. తరగతిలో పిల్లలచేత చేయించదగిన లెక్క అని మాత్రం చెప్పుతున్నాను.

దోషం మరియొక చోట ఉన్నది. ఇరువది యేండ్లకు పోయినవాడు అరువది యేండ్ల మనస్సును గురించి ఏ సాక్ష్యం చెప్పగలడు? గొప్పవారు చిన్నతనంలోనే గొప్ప పనులు చేయగలరని ఆ నలుగురి జీవితాలు చూపుతున్నవి. పెద్దతనంలో చేయలేరని అవి చూపవు. ఇదే పొరపాటు కొంత పెద్ద యెత్తున తరువాత కూడ జరిగినది. వయస్సుకూ ప్రతిభకూ గల సంబంధాన్ని గురించి హార్వీ లేమన్ అనే అమెరికన్ మనశ్శాస్త్రజ్ఞుడు 1953లో ఒక గ్రంథం ప్రకటించి, చాల శాస్త్రాలలో శ్రేష్ఠమైన పని ముప్పదులలోనే జరుగుతున్నదని పట్టికలు వేసినాడు. అల్పాయుష్కులను దీర్ఘాయుష్కులతో కలిపి లెక్కిస్తే చిన్న వయస్సులకు లేని గొప్ప వస్తుందని వేన్ డెన్నిస్ అభ్యంతరం చెప్పినాడు. అంతటితో ఊరుకొనక, కనీసం 79 యేండ్లు బ్రతికిన 738 మంది కృషిని మాత్రమే తీసుకొని 1966లో తన లెక్కలు ప్రకటించినాడు. కళాకారులలో పని ముందుగానే తగ్గినది. చరిత్రకారులు, తత్త్వవేత్తలు మొదలైన పండితుల విషయంలో అరువదులనాటి పని నలుబదులనాటి పనికి దాదాపు తీసిపోలేదు. ఐతే డెన్నిస్ లెక్కించినది పనుల సంఖ్యను. హార్డీ మాట్లాడినది పని స్థాయిని గురించి. ఈ భేదాన్ని మరువకూడదు.

న్యూటన్ ఏబదవ యేటికి గణితాన్ని విడిచిపెట్టినాడని హార్డీ మరియొక సాక్ష్యం చూపినాడు. విడిచిన మాట నిజం. 1696లో ఆయన లండను టంకశాలకు అధికారిగా వెళ్లిపోయినాడు. కాని మరుసటి యేడు జనవరిలో, బెర్నూలీ యూరపు గణితజ్ఞులందరికీ సవాలుగా ఇచ్చిన సమస్య ఆయన చేతికి వచ్చినది. ఒక బిందువునుండి దిగువన ఉన్న మరొక బిందువుకు పూస జారితే అన్నిటికంటె తక్కువ కాలంలో చేరే మార్గం ఏది? టంకశాలలో పగలంతా పనిచేసి అలసి వచ్చిన న్యూటన్ తెల్లవారేలోపల దానిని సాధించినాడు. అప్పటికి ఆయనకు 54 యేండ్లు. ఇతరులు ఇచ్చిన సమస్యను సాధించడం వేరు, కొత్త దారి ఆరంభించడం వేరు అని హార్డీ బదులు చెప్పవచ్చును. ఆ బదులులో కొంత బలం ఉన్నది. ఐనా మనస్సు మొద్దుబారినదనడానికి మాత్రం న్యూటన్ సాక్షిగా నిలువడు.

ఎదురు సాక్షులను పిలవడం కష్టం కాదు. ఆయిలర్ 59 యేండ్ల వయస్సులో 1766లో సెయింట్ పీటర్స్‌బర్గుకు తిరిగి వెళ్లి, కొద్దికాలానికే దాదాపు పూర్తిగా చూపు కోల్పోయి, తన యావత్తు రచనలలో సుమారు సగం ఆ తరువాతనే చెప్పి వ్రాయించినాడు. 1 + 1/8 + 1/27 + 1/64 + ... అనే ఘనముల శ్రేణి మొత్తం కరణీయ సంఖ్య అని 1978లో నిరూపించిన రోజే ఆపెరీకి అప్పుడు 61 యేండ్లు. మధ్య దూరం 7 కోట్లకు మించని ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నవని 2013లో నిరూపించిన యీటాంగ్ జాంగ్‌కు 58. ఈ చివరి సమస్య హార్డీ సొంత పొలం. అటువంటి జంటలు ఎంత తరచుగా రావలెనో 1923లో ఊహించి చెప్పినవారు ఆయనా, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్డూను.

కాని ఆయన నాలుగు పేర్లు చెప్పితే నేను మూడు చెప్పినంతమాత్రాన వ్యాజ్యం తీరదు. ఏరి చూపిన ఉదాహరణలు ఎవరివైనా ఏరి చూపినవే. పెద్దతనంలో పనిచేసిన మనస్సుల చుట్టూ అప్పుడు ఏమి జరుగుతూ ఉండెను అని అడగడం అంతకంటె లాభం. అందుకు సాక్షులకోసం దూరం పోనక్కరలేదు. హార్డీ నివసించిన కళాశాలలో ఒకరు, ఆయన కూర్చున్న పీఠంలో ఒకరు ఉన్నారు.

కళాశాలలోనివాడు ఆ లిటిల్‌వుడ్డే. 1938 జనవరిలో బ్రిటిషు ప్రభుత్వ పరిశోధన శాఖనుండి లండన్ గణిత సంఘానికి ఒక విన్నపం వచ్చినది. రేడియో వాల్వులలోని డోలనాలను వర్ణించే కొన్ని సమీకరణాలు ఇంజనీర్లకు లొంగడం లేదు, గణితజ్ఞులు సాయపడవలెనని. ఆ కాగితం మేరీ కార్ట్‌రైట్ దృష్టిలో పడినది. ఆమె ఆక్స్‌ఫర్డులో హార్డీ వద్దనే పరిశోధన చేసిన విదుషి. ఆమె దానిని లిటిల్‌వుడ్ ముందు పెట్టినది. అప్పటికి ఆయనకు 52 యేండ్లు నిండినవి. ఇద్దరూ కలిసి యుద్ధకాలమంతా ఆ సమీకరణాలతో పెనుగులాడి, కొన్ని పరిస్థితులలో వాటి సాధనలు ఏ క్రమానికీ లొంగకుండ తిరుగుతవనీ, ఐనా ఒక హద్దు దాటిపోవనీ కనుగొని 1945లో ప్రకటించినారు. తరువాతి తరంవారు కేయాస్ అని పేరు పెట్టిన సిద్ధాంతానికి మూలాలలో ఇది ఒకటి. ఏబది దాటినవాడు ఆరంభించిన గొప్ప పురోగతి ఒక్కటీ తెలియదని హార్డీ వ్రాస్తూ ఉన్నప్పుడే, అదే ట్రినిటీ కళాశాలలో అటువంటిది ఒకటి నడుస్తూ ఉన్నది! ఉపయోగపడే గణితం సామాన్యంగా నీరసమైనదని కూడ ఆయన అదే పుస్తకంలో వ్రాసినాడు. లిటిల్‌వుడ్ 1950లో పదవీ విరమణ చేసినాడు. ఇదే విషయంపై ఆయన సుదీర్ఘమైన రచనలు 1957లో, అనగా 72 యేండ్లకు, వెలువడినవి.

ఇక పీఠంలోనివాడు. 1919నుండి 1931వరకు హార్డీ ఆక్స్‌ఫర్డులో సెవీలియన్ జ్యామితి ఆచార్యుడు. 1883లో అదే పీఠాన్ని అధిష్ఠించినవాడు జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్. నియామకంనాటికి ఆయన వయస్సు 69! ఆ కథ వెనుకనుండి చెప్పవలెను. సిల్వెస్టర్ వూలిచ్ సైనిక విద్యాలయంలో గణితం బోధిస్తూ, అక్కడి నిబంధన ప్రకారం 55 యేండ్లకే విరమించవలసి వచ్చినది. (మన రాష్ట్రంలో 1983లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 58నుండి 55కు తగ్గించిన రోజులు జ్ఞాపకం ఉన్న ఉపాధ్యాయులకు ఆయన బాధ వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత ఆ వయస్సు పెరుగుతూ వచ్చి 2021లో తెలంగాణలో 61, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 62 ఐనది.) పింఛనుకోసం ఆయన అధికారులతో చాలకాలం పోరాడినాడు. ఛందస్సుపై ఒక పుస్తకం వ్రాసినాడు. గణితం సన్నగిల్లినది. హార్డీ సూత్రం ప్రకారం ఇక్కడితో కథ ముగియవలెను.

1876లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కొత్తగా తెరచి ఆయనను పిలిచినది. అక్కడ హాల్‌స్టెడ్ అనే విద్యార్థి ఆధునిక బీజగణితం నేర్పితీరవలెనని పట్టుపట్టినాడు. ఆ పాఠాలకోసం సిల్వెస్టర్ తన పాత విషయాన్ని, అనగా చరరాశులను మార్చినా మారకుండ నిలిచే రాశుల సిద్ధాంతాన్ని, మళ్లీ తెరువవలసి వచ్చినది. తెరచిన తరువాత మూయలేకపోయినాడు. ఆ విద్యార్థి పట్టుదల లేకుంటే ఈ పరిశోధనలోనికి తాను దిగి ఉండేవాడను కానని ఆయన 1877లో సభాముఖంగా ఒప్పుకొన్నాడు. మరుసటి యేడు 'అమెరికన్ జర్నల్ ఆఫ్ మాథమెటిక్స్' స్థాపించినాడు. అటుపిమ్మట ఆక్స్‌ఫర్డు. 1897లో 82 యేండ్లకు మరణించేముందు ఆయన తల పట్టుకొని కూర్చున్న సమస్య, రెండుకంటె పెద్దదైన ప్రతి సరిసంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా వ్రాయవచ్చునన్న గోల్డ్‌బాక్ ఊహ. హార్డీ, లిటిల్‌వుడ్ 1923లో చేపట్టిన సమస్యలలో అదికూడ ఒకటి. తన పీఠం చరిత్ర హార్డీకి తెలియనిది కాదు.

మనవారిలో ఒకరిని కూడ చూదాము. సి. ఆర్. రావుగారు 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరినారు. ఆయన పేరును లోకమంతా పాఠ్యపుస్తకాలలోకి ఎక్కించిన వ్యాసం 1945 నాటిది. 2023లో, 102 యేండ్ల వయస్సులో, ఆయనకు వచ్చిన అంతర్జాతీయ సాంఖ్యక బహుమానం కూడ ఆ వ్యాసానికే. హార్డీ పక్షంవారు ఇది విని చిరునవ్వు నవ్వవచ్చును. కాని కలకత్తా ఉద్యోగం ముగించి, సుమారు అరువది యేండ్ల వయస్సులో, రావుగారు అమెరికాలోని పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయానికి వెళ్లినారు. 1982లో, 62వ యేట, వైవిధ్యాన్ని కొలిచే ఒక పద్ధతిని ప్రకటించినారు. దానిని కొంత వివరించడం అవసరం.

ఒక తోపులో 5 చింతచెట్లు, 5 తుమ్మచెట్లు ఉన్నవి. మరియొక తోపులో 5 చింతలు, 5 తాళ్లు ఉన్నవి. కండ్లకు గంతలు కట్టుకొని ఒక చెట్టును తాకి, మళ్లీ మొదటికి వచ్చి అట్లే ఇంకొకసారి తాకితే, రెండుసార్లు వేర్వేరు జాతులు తగిలే సంభావ్యత రెండు తోపులలోను 1/2. కాబట్టి పాత కొలత ప్రకారం రెండింటి వైవిధ్యం సమానం. కాని చింతా తుమ్మా చిక్కుడు కుటుంబంలోనివి, దాయాదులు. తాడి ఏకదళబీజపు జాతి, చింతకు బహుదూరపు చుట్టం. వేరుగా ఉన్నదా అని మాత్రమే అడిగితే చాలదు, ఎంత వేరు అని కూడ అడగవలెనన్నది రావుగారి సూచన. చింతకూ తుమ్మకూ భేదం 1 అనీ, చింతకూ తాడికీ 4 అనీ మనం పెట్టుకొంటే, మొదటి తోపు విలువ 1/2 × 1 = 1/2; రెండవదానికి 1/2 × 4 = 2. అంతే లెక్క. ఎనిమిదవ తరగతిలో చెప్పవచ్చును. అడవుల, జలాశయాల జీవవైవిధ్యాన్ని కొలిచే శాస్త్రజ్ఞులు నేడు ప్రపంచమంతట ఈ కొలతను వాడుతున్నారు. జీవశాస్త్రం, మానవశాస్త్రం చదివేవారు ప్రజల మధ్య, జాతుల మధ్య భేదాలను కొలవడంలో పడుతున్న చిక్కులు ఆయనకు యౌవనంనుండి తెలుసు. ఆ చిక్కుల దగ్గరకు అరువది దాటినా ఆయన పోతూనే ఉన్నారు.

ఇంజనీర్ల విన్నపం, విద్యార్థి పట్టుదల, జీవశాస్త్రజ్ఞుల చిక్కు: ముగ్గురి విషయంలోను ప్రశ్న బయటినుండి వచ్చి తలుపు తట్టినది. హార్డీ స్థితి దీనికి విరుద్ధం. 1939లో ఆయనకు గుండెజబ్బు వచ్చినది. టెన్నిసు ఆగిపోయినది. యువకులను యుద్ధం పట్టుకొనిపోయినది. ఆయన ఆక్స్‌ఫర్డు వదలి కేంబ్రిడ్జికి రావడానికి ఒక కారణం, ట్రినిటీ కళాశాలలోనైతే విరమణ తరువాత కూడ గది ఉండనిస్తారన్నది అని ఆయన మిత్రుడు సి. పి. స్నో వ్రాసినాడు. ముసలితనంలో నివసించే గదిని గురించి అంత ముందుచూపు గలవానికి, ఆ గదిలోకి రేపు ఏ ప్రశ్న వస్తుందో అన్న ఎదురుచూపు లేకపోవడం నన్ను బాధిస్తున్నది. జబ్బునూ ఒంటరితనాన్నీ కలిపి వాటికి వయస్సు అని పేరు పెట్టినాడని నా అభిప్రాయం.

ఐతే వయస్సు ఏమీ చేయదనడం కూడ శాస్త్రం కాదు. అప్పటికప్పుడు కొత్త చిక్కును విప్పే తెలివి వేరు, కూడబెట్టిన తెలివి వేరు అని రేమండ్ కాటెల్ 1940లలోనే విడదీసి చెప్పినాడు. సియాటిల్ నగరంలో వార్నర్ షాయ్ 1956లో ఆరంభించి, అవే మనుష్యులను యేండ్ల తరబడి మళ్లీమళ్లీ పరీక్షించిన అధ్యయనంలో వేగం ముందుగా తగ్గినది. మాటల సంపద, దానితో ముడిపడిన శక్తులు చాలమందిలో అరువది దాటినా నిలిచినవి. హార్డీ తనలో తగ్గినదని బాధపడినది ఈ మొదటి తెలివి కావచ్చును. ఆ బాధ అబద్ధం కాదు.

పజిళ్లు, మెదడు ఆటలు ఆ నష్టాన్ని పూరిస్తవని నేడు ప్రకటనలు చేసేవారు హార్డీకి పూర్తిగా ఎదురుకొసన ఉన్నారు. అమెరికాలో 1990ల చివర 65 దాటిన 2,800కు పైగా వృద్ధులకు జ్ఞాపకశక్తి, తర్కం, వేగం అనే మూడింటిలో వేర్వేరుగా శిక్షణ ఇచ్చి చూచినారు. ఏది నేర్పితే అది మెరుగుపడినది. మిగిలినవాటికి పెద్దగా ప్రాకలేదు. రుజువులేని వాగ్దానాలు చేసినందుకు అటువంటి ఆటల కంపెనీ ఒకటి 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చినది.

మన హైదరాబాదులో చేసిన ఒక పరిశోధన ఇంతకంటె ఆసక్తికరమైనది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డిమెన్షియా అనే మతిమరపు వ్యాధికి చికిత్సకు వచ్చిన 648 మందిని సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించినారు. వారిలో 391 మంది ఒకటికంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారు. వారికి వ్యాధి లక్షణాలు ఒకే భాష వచ్చినవారికంటె సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యంగా మొదలైనవి. చదువురానివారిలో కూడ ఈ తేడా కనిపించినది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, కచ్చేరిలో ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఎదుటివానిని బట్టి క్షణక్షణం ఒక భాషను ఎంచుకొని మిగిలినవాటిని ఆపుకొంటూ ఉంటాడు. ఆస్పత్రికి వచ్చినవారిని మాత్రమే చూచి చేసిన పరిశీలన గనుక, భాషలే కారణమని దీనినుండి రుజువైనట్లు కాదు. ఐనా ఒక సంగతి గమనింపదగినది. ఇది ఒంటరిగా కూర్చుని చేసే వ్యాయామం కాదు. ఎదుట మరొక మనిషి ఉండి తీరవలెను. (గౌస్ సుమారు 62 యేండ్ల వయస్సులో రష్యన్ భాష నేర్చుకొనడం మొదలుపెట్టి, కొద్దికాలంలో పుస్తకాలు చదివే స్థితికి వచ్చినాడు. హార్డీ పుస్తకంలో గౌస్ పేరు ఉన్నది కాని ఈ ముచ్చట లేదు.)

రెండవ తీర్పుకు వస్తాను. వివరించే పని తక్కువదని చెప్పిన హార్డీ స్వయంగా ఏమి చేసినాడు? రైట్ అనే సహచరునితో కలిసి వ్రాసిన సంఖ్యావాద గ్రంథం 1938లో, ఆయనకు 61 యేండ్లప్పుడు, వెలువడినది. దానికి 2008లో ఆరవ ముద్రణ వచ్చినది. విద్యార్థులు దానిని ఇంకా చదువుతున్నారు. రామానుజన్ కృషిని వివరించే ఉపన్యాసాల గ్రంథం కూడ ఈ 'అపాలజీ' వెలువడిన 1940లోనే అచ్చయినది. రామానుజన్ గణితంలోకి అడుగుపెట్టదలచినవానికి ఆ వివరణ నేటికీ ఒక ద్వారం. అది రెండవ తరగతి పని ఐతే, అటువంటి రెండవ తరగతి పనులు ఇంకా కొన్ని కావలెను. 'అపాలజీ' కూడ వివరణ గ్రంథమే కదా! తన తీర్పునుండి తన పుస్తకాన్ని కాపాడుకొనే మార్గం హార్డీ చూపలేదు.

అన్నిటికంటె పెద్ద సాక్షి ఆయన చివరి గ్రంథం 'డైవర్జెంట్ సిరీస్'. మనస్సులో శక్తి మిగలలేదని ప్రకటించిన తరువాత, జబ్బుతో, నిరాశతో గడిపిన యేండ్లలో ఆయన దీనిమీద పనిచేసినాడు. 1947 డిసెంబరు 1న మరణించినాడు. పుస్తకం 1949లో లిటిల్‌వుడ్ ముందుమాటతో అచ్చయినది. విషయం అపసరణ శ్రేణులు, అనగా ఎంత కూడినా ఒక మొత్తానికి స్థిరపడని శ్రేణులు. 1 − 1 + 1 − 1 + ... అనేది తీసుకొనండి. ఒక పదంవరకు కూడితే 1, రెండువరకు 0, మూడువరకు 1, నాలుగువరకు 0. ఎక్కడా నిలువదు. కాని ఈ మొత్తాల సగటులు తీస్తూ పోతే 1, 1/2, 2/3, 1/2, 3/5, 1/2, ... వస్తవి. ఇవి 1/2కు దగ్గరగా జరుగుతూ పోతున్నవి. మొత్తం లేని శ్రేణికి ఒక అర్థవంతమైన విలువ ఇవ్వడం ఎట్లు, ఇచ్చిన విలువతో ఎంతవరకు లెక్క చేయవచ్చును అన్నదే ఆ గ్రంథమంతా. అందులోని ఒక్క పుటలో కూడ అలసిన మనస్సు జాడ నాకు కనిపించలేదు.

'అపాలజీ'ని బహుమానంగా ఇవ్వడం నేను మానలేదు. 1967 ముద్రణనుండి దానికి స్నో వ్రాసిన పీఠిక చేరినది. హార్డీ స్వభావాన్ని, ఆఖరు రోజులను వర్ణించే ఆ పీఠిక చక్కని రచనే కాని, ముందుగా చదివితే పుస్తకమంతా విషాదగీతంగా వినిపిస్తుంది. దానిని చివరకు ఉంచుకొని, యూక్లిడ్ నిరూపణ ఉన్న ప్రకరణంతో మొదలుపెట్టవలెను. వయస్సును గురించిన పేజీ దగ్గరకు వచ్చినప్పుడు, గాల్వా మొదలు రీమాన్ వరకు ఆ నలుగురి పుట్టిన తేదీలు, పోయిన తేదీలు వ్రాసిన చీటీ ఒకటి అక్కడ ఉంచి ఇస్తున్నాను.